ఎర్ర కణం: ఊపిరి మోసే కూలీయే కాదు, కాపలాదారు కూడా

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలోనే ఒక ఆవు నా చేతుల మీదుగా పోయింది. ఆత్మకూరు దాటి సోమశిల వెళ్ళే దారిలో ఒక చిన్న పల్లె. బ్యాంకు అప్పుతో కొన్న జెర్సీ సంకరజాతి ఆవు, రెండో ఈత, పూటకు ఐదు లీటర్లు తగ్గకుండా ఇచ్చేది. మేత మానేసిందని కబురు వస్తే వెళ్ళాను. థర్మామీటరు పెడితే 106 డిగ్రీలు. జ్వరానికి సూది వేసి, మర్నాటికి మేత పడుతుందని ధైర్యం చెప్పి బయలుదేరబోతున్నాను. గుంజ పక్కన కూర్చున్న అవ్వ, ఆ ఆవును రోజూ పిండేది ఆమే, మెల్లగా అంది: "దాని కన్ను చూడు నాయనా, సున్నం కొట్టినట్టుండాది."

చూశాను. కానీ నిజంగా చూడలేదు. జ్వరంలో అలాగే ఉంటుందిలే అనుకున్నాను. మూడో రోజు ఆవు పడిపోయింది, నాలుగో రోజు పోయింది. అప్పు వాయిదాలు మాత్రం మిగిలాయి. ఆనాడు చెవి కొన నుంచి ఒక్క చుక్క రక్తం గాజు పలక మీద తీసుకుని ఉంటే, ఎర్ర కణాల లోపల కూర్చున్న శత్రువు కనబడి ఉండేది.

ఈ సంగతి సంఘం సమావేశాల్లో చెప్పినప్పుడల్లా సభ్యుల్లో ఎవరో ఒకరు ఒక ప్రశ్న వేస్తారు. "రోగంతో పోట్లాడేవి తెల్ల కణాలని బళ్ళో చదువుకున్నాం గదా, మీరేమో ఎర్ర కణాల సంగతి చెబుతారు. రోగనిరోధక శక్తికీ వాటికీ ఏమిటి సంబంధం?" ప్రశ్న మంచిది. దీనికి సరైన జవాబు శాస్త్రజ్ఞులకే చాలాకాలం తెలియదు. తెలిసినంత మేరకు ఇక్కడ చెప్పుకుందాం.

ముందు ఎర్ర కణం అంటే ఏమిటో చూద్దాం. ఆవు రక్తం ఒక ఘనపు మిల్లీమీటరు, అంటే ఆవగింజంత, తీసుకుంటే అందులో 50 లక్షల నుంచి కోటి దాకా ఎర్ర కణాలు ఉంటాయి. తెల్ల కణాలు అదే చుక్కలో 4 వేల నుంచి 12 వేలు. ఒక్క తెల్ల కణానికి వెయ్యి దాకా ఎర్ర కణాలన్నమాట. మనిషి ఎర్ర కణం కంటె ఆవుది చిన్నది. మేకది మరీ చిన్నది, మన పెంపుడు జంతువులన్నింటిలోకీ అతి చిన్న ఎర్ర కణం మేకదే. ఉదయగిరి దుర్గం చుట్టూ రాళ్ళ మీద ఎగిరే మేకకు, కణం చిన్నదైనా లెక్కలో లోటు లేదు. ఆవు కంటె ఎక్కువే ఉంటాయి.

ఎర్ర కణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. ఆవులో సుమారు 130 నుంచి 160 రోజులు బతుకుతాయి. ముసలివైన వాటిని ప్లీహం, కాలేయం ఏరి పారేసి, వాటిలోని ఇనుమును మళ్ళీ మూలుగకు పంపుతాయి. ఒక లీటరు పాలు తయారు కావాలంటే పొదుగు గుండా 400 నుంచి 500 లీటర్ల రక్తం ప్రవహించాలి. ఆవు ఒంట్లో ఉన్న రక్తం 30 లీటర్లకు అటూ ఇటూనే కాబట్టి అదే రక్తం తిరిగి తిరిగి వస్తుంది. రక్తం పలచబడితే, మేత ఎంత వేసినా పాల క్యాను ఎందుకు నిండదో దీనినిబట్టి అర్థమవుతుంది.

ఇంతవరకు పాత పాఠమే. ఎర్ర కణం ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని, ఒంటి మూలమూలలా దించి, బొగ్గుపులుసు వాయువును ఎక్కించుకుని తిరిగి వస్తుంది. మన పాల లారీ లాంటిదే. పల్లె పల్లెకూ పోతుంది, నిండు క్యాన్లు ఎత్తుకుంటుంది, ఖాళీ క్యాన్లు దించుతుంది. లారీకి దొంగను పట్టే పని లేదు గదా, ఎర్ర కణానికీ లేదనుకున్నారు.

1953లో అమెరికాలో నెల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింత గమనించాడు. రోగక్రిములకు విరుగుడు పదార్థాలు అంటుకున్న తరువాత, ఆ క్రిములు మనిషి ఎర్ర కణాలకు వచ్చి అతుక్కుంటున్నాయి. అలా అతుక్కున్న క్రిములను తెల్ల కణాలు ఇంకా సులువుగా మింగేస్తున్నాయి. ఎర్ర కణం పైపొరలో చిన్న కొక్కేల వంటివి ఉన్నాయని తరువాత తేలింది. రక్తంలో తిరిగే క్రిమి, దానికి పట్టుకున్న విరుగుడు పదార్థం, ఈ రెండూ కలిసిన ముద్దను ఆ కొక్కెం తగిలించుకుంటుంది. తగిలించుకుని కాలేయానికీ ప్లీహానికీ మోసుకుపోతుంది. అక్కడ కూర్చున్న పెద్ద తెల్ల కణాలు ఆ ముద్దను ఊడబెరుక్కుని తినేసి, ఎర్ర కణాన్ని మాత్రం క్షేమంగా వదిలేస్తాయి. లారీ వచ్చే దారిలో చెడిపోయిన సరుకును ఎత్తుకొచ్చి గేటు దగ్గర అప్పగించి, మళ్ళీ తన దారిన తాను పోయినట్లు.

ఈ ముద్దలను ఇలా ఎత్తిపోయకపోతే అవి మూత్రపిండాల్లోనూ, కీళ్ళలోనూ పేరుకుని అక్కడ వాపు పుట్టిస్తాయి. 1981లో సీగెల్, ఆయన తోటివారు లాన్సెట్ పత్రికలో, ఎర్ర కణాలను కూడా రోగనిరోధక వ్యవస్థలో భాగంగానే లెక్కించాలని రాశారు. వారి వాదనలో ఒక లెక్క ఉంది. రక్తంలో తెల్ల కణాలకంటె ఎర్ర కణాలు వందల రెట్లు ఎక్కువ. కాబట్టి రక్తంలోకి వచ్చిన ముద్దకు ముందుగా ఎదురుపడేది ఎర్ర కణమే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ కొక్కేల ఏర్పాటు మనిషిలోనూ, కోతి జాతుల్లోనూ ఉన్నది. మిగిలిన పాలిచ్చే జంతువుల్లో ఈ మోసుకుపోయే పని ఎక్కువగా రక్తం గడ్డకట్టించే చిన్న ఫలకికలు చేస్తాయి. కాబట్టి పుస్తకంలో మనిషి గురించి చదివినదంతా కొట్టంలో ఉన్న ఆవుకు అచ్చంగా అతికించకూడదు. పశువైద్యంలో మేము చేసే పొరపాట్లలో సగం ఇలా అతికించడం వల్లనే వస్తాయి.

అయితే ఎర్ర కణం చేసే కాపలా అంతటితో అయిపోలేదు. ఒంట్లో ఎక్కడైనా గాయమో చీమో చేరితే అక్కడి కణాలు తెల్ల కణాలను పిలిచే రసాయనాలు విడుస్తాయి. గ్రామంలో దండోరా వేసినట్లు. ఆ దండోరా హద్దు మీరితే ఒళ్ళంతా వాపు. మనిషి ఎర్ర కణాలు ఈ రసాయనాలను కొంత పీల్చుకుని దండోరా హోరు తగ్గిస్తాయని 1991లో చూపించారు. 2007లో సింగపూరు శాస్త్రజ్ఞులు మరొక సంగతి బయటపెట్టారు. కొన్ని రోగక్రిములు ఎర్ర కణాన్ని పగలగొట్టి, అందులో ఉన్న హిమోగ్లోబిన్‌ను తమ జీర్ణరసాలతో కోయబోతాయి. ఆ రసాలు తగలగానే హిమోగ్లోబిన్ చురుకెక్కి, క్రిములను చంపే ఘాటైన ప్రాణవాయు రూపాలను విడుస్తుంది. దోచుకోవడానికి పెట్టె తెరిచిన దొంగ ముఖాన కారం పడ్డట్టు.

2021లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ నీలం మంగళమూర్తి బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ఎర్ర కణం పైపొర మీద, రక్తంలో తిరిగే పరాయి జన్యుపదార్థపు తునకలను పట్టుకునే తాళం ఒకటుంది. మామూలు రోజుల్లో ఆ తునకలను పట్టి తుడిచివేస్తుంది. కానీ రక్తమంతా విషమెక్కే జబ్బుల్లోనూ, కోవిడ్ తీవ్రంగా వచ్చిన రోగుల్లోనూ ఈ తునకలు మోయలేనంతగా పెరుగుతాయి. అప్పుడు ఎర్ర కణం రూపు మారిపోతుంది. "నన్ను తినవద్దు" అని చెప్పే గుర్తు మరుగున పడుతుంది. ప్లీహంలోని పెద్ద కణాలు దానిని మింగేస్తాయి, మింగి వాపు సంకేతాలు విడుస్తాయి. పెద్ద జబ్బు చేసిన రోగి కొద్ది రోజుల్లోనే ఎందుకు పాలిపోతాడో చెప్పే కారణాల్లో ఇదొకటి. రక్తం కారకపోయినా రక్తం తగ్గుతుంది.

కోళ్ళు పెంచే సోదరీమణులకు ఒక ముచ్చట. కోడి ఎర్ర కణంలోనూ, చేప ఎర్ర కణంలోనూ నడిబొడ్డున కేంద్రకం ఉంటుంది. అంటే కణానికి సొంత తలకాయ ఉన్నట్లు. వైరస్ సోకితే ఆ కణాలు తామే మేలుకుని రక్షణ పదార్థాలు తయారు చేస్తాయి. ఆవు, గేదె, మేక, మనిషి ఎర్ర కణాలు మాత్రం మూలుగ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ కేంద్రకాన్ని వదిలేసి వస్తాయి. లోపలంతా ప్రాణవాయువుకే చోటు. బరువు తగ్గింది, మోత పెరిగింది. కానీ ఈ లాభానికి ఒక ఖరీదు ఉంది. మన పశువుల రోగాలన్నీ ఆ ఖరీదులోనే ఉన్నాయి.

ఒంట్లో మామూలు కణం ఏదైనా శత్రువు పాలబడితే, తన లోపల ఏముందో దాని తునక ఒకటి తెచ్చి పైపొర మీద జెండాలా చూపిస్తుంది. దానిని చూసి కాపలా కణాలు వచ్చి ఆ కణాన్ని చంపేస్తాయి. కేంద్రకం లేని ఎర్ర కణానికి ఈ జెండా ఎగరేసే శక్తి లేదు. తన ఇంట్లో దొంగ దూరినా కేక వేయలేదు. ఈ లోపాన్ని కనిపెట్టిన పురుగులు దానిలోనే కాపురం పెట్టాయి.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగి ఎర్ర కణాల్లో ఆ పరాన్నజీవిని మొదటిసారి చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా పోతుందో తేలింది మాత్రం మన తెలుగు గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

ఇది అందరికీ తెలిసిన కథే. అందరికీ తెలియనిది ఏమిటంటే, ఈ మార్గం చూపించినది ముందుగా పశువుల రోగం. 1888లో రుమేనియాలో బాబెష్ అనే శాస్త్రజ్ఞుడు ఎర్రమూత్రం పోస్తున్న పశువుల ఎర్ర కణాల్లో సూక్ష్మజీవులను చూశాడు. 1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు, ఆ రోగాన్ని పశువు నుంచి పశువుకు మోసేది గోమారి అని రుజువు చేశారు. పురుగు కాటు వల్ల రోగం పాకుతుందని పశువుల్లో రుజువైన నాలుగేళ్ళకు రాస్ దోమను పట్టుకున్నాడు. మలేరియా గొప్ప కథ అయింది, గోమారి సంగతి మరుగున పడింది. మన కొట్టాల్లో మాత్రం మరుగున పడలేదు.

మనుషుల్లో మరొక చిత్రముంది. మన మన్యం ప్రాంతాల గిరిజనుల్లో కొందరి ఎర్ర కణాలకు కొడవలి ఆకారం వచ్చే గుణం ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఈ గుణం వస్తే అది కఠినమైన రోగం. ఒక్క వైపు నుంచే వస్తే, ప్రాణం తీసే రకం మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఎర్ర కణమే తన రూపు మార్చుకుని కోటగా నిలిచినట్లు.

ఇక మన ఆవుల దగ్గరకు వద్దాం. గోమార్ల వల్ల ఎర్ర కణాలకు పట్టే రోగాలు ముఖ్యంగా మూడు. మూడింటికీ జ్వరం ఉంటుంది, మూడింటిలోనూ పాలు పడిపోతాయి. తేడా తెలియాలంటే కన్ను, మూత్రం, మెడ చూడాలి.

బబీసియా అనే జీవి ఎర్ర కణంలో దూరి, ఇద్దరిద్దరుగా పెరిగి, కణాన్ని పగలగొట్టి బయటపడుతుంది. పగిలిన కణాల్లోని ఎర్రరంగు మూత్రంలో దిగుతుంది. మూత్రం కాఫీ డికాషన్‌లా, ఒక్కోసారి ఎర్రగా వస్తుంది. నేల మీద పడితే నురుగు కడుతుంది. పెద్ద పశువులకే ఇది ఎక్కువ ప్రమాదం. లేత దూడలు సుమారు ఆరేడు నెలల వయసు దాకా దీనికి బాగా తట్టుకుంటాయి. చాలా రోగాలు దూడలనే ముందు పట్టుకుంటాయి గదా, ఇది తిరగబడ్డ రోగం.

అనాప్లాస్మా అనేది ఇంకా చిన్నది. ఎర్ర కణం అంచున చుక్కలా కూర్చుంటుంది. ఇది కణాన్ని పగలగొట్టదు. రోగం పట్టిన కణాలను ప్లీహం గుర్తుపట్టి తానే మింగేస్తుంది. అందువల్ల మూత్రం ఎర్రగా రాదు. కళ్ళు, చిగుళ్ళు మొదట తెల్లబడి తరువాత పచ్చబడతాయి. పేడ గట్టిపడుతుంది. "మూత్రం బాగానే ఉంది గదా" అని ధైర్యపడిన ఇళ్ళలో ఈ రోగం దెబ్బ తీస్తుంది.

థైలేరియా మూడోది. నేను మొదట చెప్పిన ఆవును తిన్నది బహుశా ఇదే. ఇది ఎర్ర కణాల్లోకి రాకముందు తెల్ల కణాలను పట్టుకుని, వాటినే అదుపు తప్పి పెరిగేలా చేస్తుంది. అందుకే భుజం ముందు, చెవి కింద బిళ్ళలు నిమ్మకాయంత ఉబ్బుతాయి. ఆ తరువాత ఎర్ర కణాల్లోకి దిగుతుంది. జ్వరం 104 నుంచి 107 డిగ్రీల దాకా పోతుంది. విదేశీ రక్తం ఎక్కువ ఉన్న సంకరజాతి ఆవులనే ఇది ఎక్కువగా కూల్చుతుంది. గేదెల ఒంట్లో ఉన్నా సాధారణంగా అంత తీవ్రంగా కనబడదు.

ఈ మూడింటిలోనూ ఒక విషాదం ఉంది. రోగం పట్టిన ఎర్ర కణాలను వెతికే తొందరలో ఒళ్ళు తన మంచి కణాలకు కూడా విరుగుడు పదార్థాలు అంటిస్తుంది. ప్లీహం వాటినీ తినేస్తుంది. గాజు పలక మీద చూస్తే వంద కణాల్లో కొద్ది కణాల్లోనే శత్రువు ఉంటాడు, కానీ పశువు రక్తం అంతకు ఎన్నో రెట్లు పడిపోయి ఉంటుంది. రోగక్రిమిని మందుతో చంపిన తరువాత కూడా కొన్ని రోజులు కన్ను ఇంకా తెల్లబడుతూనే ఉండటానికి ఇదొక కారణం. "సూది వేశాక ఇంకా పాలిపోయింది, మందు పనిచేయలేదు" అని వేరే వైద్యం వెతుక్కునేది ఈ దశలోనే. మూలుగ కొత్త కణాలు పంపడం మొదలుపెట్టాలంటే నాలుగైదు రోజులు, పోయిన రక్తం తిరిగి నిండాలంటే వారాలు పడుతుంది.

అలా రక్తం పోయిన పశువును ఆసుపత్రికని రెండు మైళ్ళు నడిపించకండి. ఊపిరి మోసే కణాలే లేనప్పుడు నడక దానికి గండం. నేను చూస్తుండగానే దారిలో కూలిన పశువులున్నాయి. నీడలో కట్టి, నీళ్ళు పెట్టి, కబురు పంపండి. బబీసియాకు డిమినజీన్, థైలేరియాకు బుపర్వక్వోన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ రకపు మందులు ఉన్నాయి. కానీ ఏది ఎప్పుడు ఎంత అనేది డాక్టరు పశువును చూసి చెప్పవలసిన మాట. ఒకదానికి వేసిన మందు మరొకదానికి పనిచేయదు. పశువు మరీ తెల్లబడితే ఇంకో ఆరోగ్యమైన పశువు రక్తం ఎక్కిస్తారు. మొదటిసారి ఎక్కించేటప్పుడు సాధారణంగా గ్రూపు చూడకపోయినా ప్రమాదం ఉండదు. రెండోసారికి మాత్రం జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఆ లోపల పశువు ఒళ్ళు పరాయి ఎర్ర కణాలను గుర్తుపట్టి వాటికి విరుగుడు తయారు చేసుకుని ఉంటుంది. ఎర్ర కణానికీ రోగనిరోధక శక్తికీ ఏమి సంబంధం అని అడిగినవారికి ఇది కూడా ఒక జవాబు.

గేదెలున్న సభ్యులు ఒక తేడా గమనించాలి. నిండు చూడి గేదె గానీ, ఈనిన కొన్ని వారాల్లోపు గేదె గానీ, జ్వరం లేకుండా ఎర్రమూత్రం పోస్తే అది చాలావరకు గోమారి రోగం కాదు. భాస్వరం లోటు. ఎర్ర కణం తన పైపొరను నిలుపుకోవడానికి భాస్వరం కావాలి. అది చాలకపోతే కణాలు వాటంతటవే పగిలిపోతాయి. ఎండు వరిగడ్డి ఒక్కటే మేతగా నెలలు గడిపే మెట్ట ఊళ్ళలో ఇది చూస్తుంటాం. తవుడు, ఖనిజ లవణ మిశ్రమం చూడికాలం నుంచే పెడుతూ ఉంటే చాలావరకు రాదు.

మన దేశవాళీ ఆవు ఈ రోగాలతో వేల ఏళ్ళుగా బతుకుతోంది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. ఇక్కడి నుంచి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళిన ఒంగోలు జాతిని అక్కడ నెలోర్ అనే మన జిల్లా పేరుతోనే పిలుస్తారు. ఆ దేశపు మాంసం మందల్లో అధిక భాగం ఈ రక్తమే. ఎండకూ, గోమార్లకూ తట్టుకోవడమే అక్కడ దానికి పేరు తెచ్చింది. పక్కపక్కన కట్టినా సంకరజాతి ఆవు మీద పట్టినన్ని గోమార్లు ఒంగోలు ఆవు మీద పట్టవు. పాల కోసం మనం సంకరజాతిని తెచ్చుకున్నాం, తప్పు లేదు. దానితోపాటు ఒంగోలు ఒంట్లో ఉన్న కాపలా మాత్రం పూర్తిగా రాలేదు. ఆ లోటు మనం చేత్తో పూడ్చాలి.

పూడ్చడంలో ఒకటి టీకా. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ రక్షావ్యాక్-టి అనే థైలేరియా టీకాను తయారు చేస్తుంది. బలం తగ్గించిన జీవాలను కణాల్లోనే పెంచి చేస్తారు కాబట్టి కృత్రిమ గర్భధారణ వీర్యం లాగే దీనినీ ద్రవ నత్రజనిలో ఉంచాలి. చూడి ఆవులకు వేయరు. దూడకు ఏ వయసులో వేయించాలో డాక్టరును అడగండి. ఒక్క రైతు కోసం డబ్బా తెరవడం కష్టం, సంఘం అంతా ఒకే రోజున దూడలను తోలుకొస్తే సులువు. ఈ టీకా థైలేరియాకే, మిగిలిన రెండింటికీ కాదని గుర్తుంచుకోవాలి.

రెండోది గోమార్లు. పశువు మీద కనబడేవి కొన్నే. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి రాలి, గోడ పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. మన వైపు పాత రాతి గోడల కొట్టాలు వాటికి కోటలు. పశువు ఒంటికి మందు పూసి గోడను వదిలేస్తే, పదిహేను రోజుల్లో మళ్ళీ మామూలే. ఈశాన్య ఋతుపవనానికి ముందు ఒకసారి పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టాలి. మందు ఏదైనా డాక్టరు చెప్పిన పాళ్ళలోనే కలపాలి. పాలిచ్చే పశువు విషయంలో పాలు ఎన్ని రోజులు పోయకూడదో కూడా అడిగి తెలుసుకోవాలి. కోలుకున్న ఆవు రక్తంలో ఆ జీవులు కొద్దిగా మిగిలే ఉంటాయి. దానికి అది మేలే, ఆ కొద్దిపాటి ఉనికి వల్లనే దాని నిరోధక శక్తి మెలకువగా ఉంటుంది. కానీ గోమార్లకు అదే గాదె. మళ్ళీ ఈనేటప్పుడో, మేత కరువులోనో ఒళ్ళు తగ్గితే పాత రోగం తిరగబెట్టవచ్చు కూడా.

మేకలు, గొర్రెలు ఉన్నవారికి గోమారి కంటె కడుపులో పురుగు పెద్ద శత్రువు. నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగే పురుగు ఒక్కొక్కటి రోజుకు ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు తాగుతుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. దక్షిణాఫ్రికాలో మాలన్ అనే పశువైద్యుడు కనురెప్ప లోపలి రంగును ఐదు మెట్లుగా అట్ట మీద వేయించి, తెల్లబడిన మేకకే మందు తాగించే పద్ధతి తెచ్చాడు. మందకంతా ఊరికే మందు పోస్తే పురుగులు మందుకు అలవాటు పడిపోతాయి గదా. ఆ అట్ట అనేక దేశాల్లో కాపరుల సంచిలో ఉంటుంది.

ఆ అవ్వ దగ్గర ఏ అట్టా లేదు. రోజూ తెల్లవారుజామున పొదుగు కడిగేముందు ఆవు మెడ నిమిరి, కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూడటం ఆమెకు అలవాటు. లేత గులాబీ రంగు ఉంటే సరి. కాగితంలా తెల్లగా గానీ, పసుపు పచ్చగా గానీ ఉంటే ఆ రోజే కబురు చేయాలి. చెంబు పక్కన మూత్రం రంగు చూసుకోవాలి. భుజం ముందు బిళ్ళ తడుముకోవాలి. కబురు చేసేటప్పుడు జ్వరమని మాత్రమే చెప్పకుండా, కన్ను ఏ రంగులో ఉంది, మూత్రం ఏ రంగులో ఉంది, గోమార్లు ఉన్నాయా, ఈని ఎన్నాళ్ళయింది అనేవి చెప్పండి. డాక్టరు సూది తీసేలోపల, ముందు చెవి కొన నుంచి రక్తపు చుక్క పలక మీద తీయమని అడగండి. అడిగితే తప్పుగా అనుకోరు. మందు ఒంట్లోకి వెళ్ళిన తరువాత తీసిన చుక్కలో శత్రువు కనబడకపోవచ్చు.